చచ్చిన లైన్ మీద రింగాఫ్

రాయమల్లు సేఠ్ ఇంటి ముందుగదిలో రెండు ఫోన్లు ఉన్నాయి. బల్ల మీద ఉన్నది కొత్తది, ఎర్రగా నిగనిగలాడుతూ, అంకెల చక్రంతో. గోడకు బిగించినది పాతది, చెక్కపెట్టెది, పక్కన తిప్పే హ్యాండిల్‌తో. పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది వేసవి అది. హసన్‌పర్తికి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్ వచ్చి ఇంకా వారం తిరగలేదు. వచ్చిన మూడో రోజున, బుధవారం మధ్యాహ్నం, ఎవరో సేఠ్ తల పగలగొట్టారు. పాలంపేట పుట్టింటి నుంచి సాయంత్రం తిరిగి వచ్చిన ఆయన భార్య లక్ష్మీనర్సమ్మకు ఆయన ఆ పాత ఫోను కిందనే పడి కనిపించాడు. ప్రాణం మిగిలింది గాని మాట లేదు. అప్పటి నుంచీ వరంగల్ ఆసుపత్రిలో కళ్ళు మూసుకునే ఉన్నాడని ఊరంతా అనుకుంటోంది.

డిటెక్టివ్ ఇస్సాకు పాత ఫోను హ్యాండిల్‌కు ముక్కు తగిలేటంత దగ్గరగా వంగి చూస్తున్నాడు. హనుమకొండలో ఒక ఇరుకు గది, దానికొక బోర్డు, కిందొక పాత స్కూటరు, ఇదీ ఆయన ఏజెన్సీ. నిన్న సమ్మమ్మ అనే ఆవిడ ఆ గదికి వచ్చి నేల మీద కూర్చుని, కేసు తీసుకుంటాననేదాకా లేవలేదు. ఆమె పెనిమిటి ఎల్లస్వామి టెలిఫోను లైన్‌మన్. పాత ఫోన్లు ఊడదీయడానికి ఇంటింటికీ తిరుగుతున్నవాడు. సేఠ్ పక్కన రక్తంతో దొరికిన రెంచి అతనిది. అందుకని అతను లాకప్‌లో ఉన్నాడు. సోమవారం కోర్టుకు తీసుకుపోతారు. ఒకసారి ఆ మెట్లెక్కిన బీదవాడు మళ్ళీ ఎప్పుడు దిగుతాడో ఇస్సాకుకు బాగా తెలుసు.

“చూసుడు అయిపాయెనా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్ వీరభద్రం. ప్రైవేటు డిటెక్టివ్ అన్న మాట వింటేనే ఆయనకు ఒళ్ళు మండుతుంది. లక్ష్మీనర్సమ్మ పట్టుబట్టకపోతే ఇస్సాకును గడప కూడా తొక్కనిచ్చేవాడు కాదు.

ఆమెను ఇస్సాకు అప్పటికే మెల్లగా అన్నీ అడిగాడు. కొత్త ఫోను పెట్టినప్పటి నుంచీ సేఠ్ దాన్ని ముట్టుకోలేదట. దాంట్లో మనిషి లేదు, ఎత్తగానే ఈగ మోగినట్టు మోగుతుంది అని విసుక్కునేవాడట. పాత ఫోను పీకడానికి ఎల్లస్వామి వస్తే, వచ్చే వారం చూద్దాం పొమ్మని రెండుసార్లు వెనక్కి పంపాడట. మూడోసారి, అంటే బుధవారం, తన రెంచి వరండాలోనే మరిచిపోయి వెళ్ళానని ఎల్లస్వామి మొత్తుకుంటున్నాడు. ఆ మాట నమ్మడానికి వీరభద్రం సిద్ధంగా లేడు.

అదే గదిలో గోడవారగా పాండురంగం నిలబడి ఉన్నాడు. సేఠ్ రైస్ మిల్లులో భాగస్తుడు, ముప్పై అయిదేళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. బుధవారం పొద్దంతా వడ్ల బేరానికి ములుగులో ఉన్నానని, సాయంత్రం బస్సులో దిగేసరికే ఊరంతా గోలగా ఉందని చెప్పాడు. ఆయన్ని అంతకు మించి ఎవరూ అడగలేదు. ఆసుపత్రికి తిరగడం, లక్ష్మీనర్సమ్మకు ధైర్యం చెప్పడం అంతా ఆయనే చూసుకుంటున్నాడు. మిల్లును మేనల్లుడి చేతికి అప్పగించాలని సేఠ్ అనుకుంటున్నాడని, ఆ విషయమై వీళ్ళిద్దరికీ నెల రోజులుగా మాటల్లేవని మాత్రం లక్ష్మీనర్సమ్మ ఇస్సాకుతో లోపలి గదిలో గొంతు తగ్గించి చెప్పింది.

ఇస్సాకు నడుము నిటారు చేసి హ్యాండిల్ చూపించాడు. పిడి మీద ఎండిన రక్తం ఉంది. ఒక చోట మరక కాదు, చుట్టూతా పట్టి తిప్పిన చెయ్యి వదిలిన రక్తం.

“ఎల్లస్వామి ఫోను పీకబోయిండు. అప్పుడంటింది,” అన్నాడు వీరభద్రం.

“ఫోను పీకెటోడు మరలు తిప్పుతడు గాని హ్యాండిల్ ఎందుకు తిప్పుతడు సార్? సేఠే తిప్పిండు. దెబ్బ తిన్నంక ఈడికి పాకి, లేచి తిప్పిండు.”

వీరభద్రం నవ్వాడు. ఆ నవ్వులో ఇస్సాకు తాతముత్తాతల దాకా అందరికీ వాటా ఉంది. “మంచిగున్నది. పక్కన బతికున్న ఫోన్ ఇడిసిపెట్టి, చచ్చిన ఫోన్ తిప్పిండంటవు. తిప్పినోడు రిసీవర్ మళ్ళ పద్ధతిగ కొక్కేనికి తగిలిచ్చి పడిపోయిండు. అంతేనా?”

ఆ రెండో ప్రశ్నకు ఇస్సాకు దగ్గర జవాబు లేదు. రిసీవర్ నిజంగానే కొక్కేనికి బుద్ధిగా వేలాడుతోంది. మొదటి దానికి మాత్రం ఉంది. ఇరవై ఏళ్ళు ఒకే హ్యాండిల్ తిప్పిన చెయ్యి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎటు పోతుంది? ఇక ఫోను చచ్చిందో లేదో చూడాలి. ఆయన వరండాలోకి వచ్చి తలెత్తాడు. కొత్త లైను భూమిలోంచి నల్లటి కేబుల్‌గా వచ్చింది. పాత రాగితీగ జంట మాత్రం చూరు నుంచి స్తంభానికి, స్తంభం నుంచి స్తంభానికి, ఎక్స్ఛేంజ్ వైపు ఇంకా సాగుతూనే ఉంది. దాన్ని దించవలసిన ఎల్లస్వామి లాకప్‌లో ఉంటే ఎవరు దించుతారు?

ఆ తీగను చూస్తే ఇస్సాకుకు గుండె బరువెక్కింది. పెళ్ళికి ముందు హన్నా ఈ ఊళ్ళో మిషన్ బడిలో టీచరు. హనుమకొండ నుంచి ఆయన ఫోను చేస్తే మాట ఈ తీగల మీదుగానే బడికి చేరేది. నంబరు అడిగేది కూడా కాదు ఎక్స్ఛేంజ్‌లో ఎస్తేరక్క. గొంతు విని, పిలుస్తానుండు తమ్మీ అనేది. సిగ్గుతో మాటలు రాక ఇద్దరూ ఊరుకుంటే, పైసలు ఊకె పోతున్నయ్, జర మాట్లాడుకోండ్రి అని నడుమ దూరి కసిరేది. హన్నా పోయి ఎనిమిదేళ్ళు. ఆమె గొంతు మోసిన తీగలు వచ్చే వారం చుట్టలు చుట్టుకుని స్టోరుకు వెళ్ళిపోతాయి. అందులో ఏడవడానికేముందని తనకు తాను చెప్పుకున్నాడు గాని కళ్ళు తడిసిన మాట నిజం.

లోపలికి వచ్చి తన కోరిక చెప్పాడు. తానూ ఇన్‌స్పెక్టరూ పాత ఎక్స్ఛేంజ్‌కు నడిచి వెళతారు. కాసేపాగి ఇక్కడి నుంచి ఎవరైనా ఈ హ్యాండిల్ తిప్పాలి. లైను బతికి ఉందో లేదో తేలిపోతుంది. రక్తం చెరగకుండా పిడికి చేతిరుమాలు చుట్టాడు. లక్ష్మీనర్సమ్మ ఆ ఫోను వైపు చూడలేక తల తిప్పుకుంది. అందరి చూపులూ పాండురంగం మీదికి వెళ్ళాయి.

“నేను తిప్పుత తియ్యి. గంతదానికేంది,” అన్నాడు పాండురంగం.

పాత ఎక్స్ఛేంజ్ రెండు సందుల అవతల, పెంకుటిల్లు. దాని పక్కనే కొత్తది, తెల్లసున్నం గది, లోపల ఇనుప బీరువాల్లాంటి యంత్రాలు. రెండింటి తాళాలూ ఎస్తేరు కొంగుకే ఉన్నాయి. ఆపరేటర్ ఉద్యోగం ఇప్పుడు లేదు. యంత్రాల గదిలో దీపాలు వెలుగుతున్నాయో లేదో చూసుకోమని ఆమెను అక్కడే ఉంచారు. యాభై దాటిన మనిషి, భర్త పోయాక ఈ బోర్డు ముందే జుట్టు నెరిసింది. ఇస్సాకును చూడగానే మొహం విప్పారింది, వెనకాల ఇన్‌స్పెక్టర్ కనిపించగానే మళ్ళీ ముడుచుకుంది.

పెంకుటింటి తలుపు తీసింది. నిలువెత్తు చెక్కబోర్డు, వరసలు వరసలుగా రంధ్రాలు, ఒక్కో రంధ్రం పైన కనురెప్ప లాంటి ఒక్కో ఇత్తడి రేకు. ఊళ్ళో ఎవరు హ్యాండిల్ తిప్పినా బోర్డు గంట మోగి, వాళ్ళ రేకు టప్పున కిందికి పడుతుంది. ఆపరేటర్ ఆ రంధ్రంలో తాడు గుచ్చి మాట్లాడాలి, తర్వాత రేకును వేలితో పైకెత్తాలి. ఎత్తేదాకా అది పడే ఉంటుంది. ఇస్సాకు ఇవన్నీ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పి, సేఠ్ రేకు ఏదని అడిగాడు. ఎస్తేరు చూపించింది. అన్నిటితో పాటు అదీ పైకే ఉంది.

“ఆటోమేటిక్ వచ్చిన్నాడే ఈ గదికి తాళమేసిన. మళ్ళ తియ్యలేదు,” అన్నది ఎస్తేరు, అడగకముందే.

అడగకముందే చెప్పిన జవాబు ఇస్సాకుకు నచ్చదు. అక్క నోటి నుంచి వచ్చేసరికి మరీ నచ్చలేదు. ఏమీ అనకుండా స్టూలు మీద కూర్చున్నాడు. వీరభద్రం టోపీతో విసురుకుంటూ, చచ్చిన ఫోను లేచి కూర్చునేదాకా ఇక్కడే కాపలా కాయాలా అని వెటకారం చేస్తున్నాడు.

ఆ మాట సగంలో ఉండగా గంట మోగింది. సేఠ్ రేకు టప్పున పడింది.

ఎస్తేరు చెయ్యి ఆమెను అడగకుండానే లేచి, చెవిగొట్టం తలకు తగిలించి, తాడును రంధ్రంలో గుచ్చింది. “హలో,” అన్నది. ఆ ఒక్క మాటలో ఇరవై రెండేళ్ళ ఉద్యోగం ఉంది. ఇస్సాకు ఆమె తలకున్న చెవిగొట్టం తీసుకుని, మాట సన్నగా వినిపిస్తోందని, ఇక పెట్టేయవచ్చని పాండురంగానికి చెప్పాడు. తర్వాత వీరభద్రం వైపు తిరిగాడు.

“లైన్ బతికే ఉన్నది సార్. దానికి కరెంటు అక్కర లేదు. తిప్పెటోని చేతి బలమే చాలు. బుధవారం సేఠ్ నెత్తుటి చేత్తోని తిప్పిండు. అంటే రేకు పడాలె. పడ్డ రేకు దానంతటది లేవది. మరి మనం వచ్చేసరికి పైకెట్లున్నది?”

వీరభద్రం విసురుకోవడం ఆపి ఎస్తేరు వైపు తిరిగాడు. ఎస్తేరు నేల చూపులు చూస్తోంది.

అప్పుడు గంట మళ్ళీ మోగింది. ఈసారి పొట్టిగా రెండుసార్లు, ట్రింగ్, ట్రింగ్ అని ఊరుకుంది. ఎస్తేరు మొహంలో రక్తం లేకుండా పోయింది. ఇస్సాకు ఆమెనే చూస్తున్నాడు.

“మళ్ళ ఎందుకు కొట్టిండు?” అన్నాడు వీరభద్రం.

“రింగాఫ్,” అన్నది ఎస్తేరు, లోగొంతుకతో.

ఇస్సాకుకు ఆ మాట ఎప్పుడో విన్నట్టు గుర్తొచ్చింది. హ్యాండిల్ ఫోనులో మాట అయిపోయిందని ఎక్స్ఛేంజ్‌కు దానంతట అదే తెలియదు. రిసీవర్ పెట్టాక పొట్టిగా రెండు తిప్పులు తిప్పి చెప్పాలి. అది రూలు. రూలు కాబట్టే ఎవరూ పాటించేవాళ్ళు కాదు. ఠపీమని పెట్టేసి పోయేవాళ్ళు. అయిపోయిందా లేదా అని ఎస్తేరు చెవి పెట్టి వినవలసి వచ్చేది, ఊరి గుట్లన్నీ ఆమె చెవిన అట్లాగే పడ్డాయి. ఇస్సాకు కూడా తన జన్మలో ఒక్కసారి రింగాఫ్ ఇచ్చిన పాపాన పోలేదు. హన్నా గొంతు విన్న తర్వాత రూళ్ళు ఎవరికి గుర్తుంటాయి?

ఇన్‌స్పెక్టర్ అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇప్పుడు దొరికింది. తల పగిలిన మనిషి రిసీవర్‌ను కొక్కేనికి తగిలించడు. గదిలో ఇంకొకడు ఉన్నాడు. సేఠ్ చేతిలోంచి రిసీవర్ లాక్కుని, దాని చోట దాన్ని పెట్టినవాడు.

“అక్కా, బుధవారం గూడ రింగాఫ్ వచ్చిందా?” అని అడిగాడు.

ఎస్తేరు కొంగుకున్న తాళాలు తడుముకుంది. వీరభద్రం కసిరే లోపల ఇస్సాకు చెయ్యెత్తి ఆపాడు. స్టూలు ముందుకు లాక్కుని, ఎల్లస్వామి పెళ్ళాం ఠాణా ముందర ముద్ద ముట్టకుండా కూర్చుని ఉందని చెప్పాడు. సోమవారం దాటితే ఆ సంసారం వీధిన పడుతుందని చెప్పాడు. ఇరవై రెండేళ్ళు ఒకరి మాట ఒకరికి చేర్చిన మనిషివి, ఈ ఒక్క మాట ఆపేస్తావా అని అడగబోయి, అడగలేకపోయాడు. అడగనవసరం కూడా లేకపోయింది. ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, తర్వాత కొంగు తీసి చెప్పింది.

“తాళమేసిన అన్నది అబద్ధం తమ్మీ. అలవాటు పోక రోజూ పగటిపూట వచ్చి గీడ కూసుంటున్న. బుధవారం నాడు రేకు పడ్డది. తాడు పెట్టిన. సేఠ్ ‘ఎస్తేరక్కా’ అన్నడు. అంతే, ఇంకో మాట లేదు. రిసీవర్ పెట్టిన చప్పుడైంది. తర్వాత రెండు తిప్పులు. సేఠ్ గూడ నా లెక్కనే ఆఖరుకొకసారి పలుకరించిండేమో అనుకున్న. గని సేఠ్ ఎన్నడు రింగాఫ్ ఇచ్చెటోడు గాదు.”

“ఇచ్చెటోళ్ళు ఎవరు?”

“ఈ ఊర్ల ఒక్కడే. నేనే నేర్పిన.” ఆమె బోర్డు అంచును చేత్తో నిమిరింది. “పాండురంగడు తల్లి లేని పోరడు. మిల్లుకు పోకముందు గీ ఎక్స్ఛేంజ్ లనే ఉండె. ఫోనొచ్చినోళ్ళను ఇంట్లకెల్లి పిల్సుకొచ్చెటోడు. నా చేతి అన్నమే తిన్నడు. రింగాఫ్ ఇయ్యకుంటే నెత్తి మీద మొట్టేదాన్ని. గా రోజు రాత్రి గూడ ఇంటికొచ్చి అన్నం తిన్నడు. నేను అడగలేదు. వాడు చెప్పలేదు.”

ఇస్సాకుకు గెలిచినట్టు అనిపించలేదు. ఆ పిల్లవాణ్ణి అక్క మొట్టి మొట్టి నేర్పిన బుద్ధే ఈరోజు వాడి మెడకు చుట్టుకుంది. చంపబోయిన చేతికి కూడా మర్యాద మరుపు రాలేదు. చెప్పినందుకు అక్క ఇవాళ కొడుకులాంటివాణ్ణి పోగొట్టుకుంది. ఒక లైన్‌మన్ ఇంటికి వెళతాడు, అందుకు ఖర్చు ఈమె పెట్టుకుంది.

“ములుగుల ఉన్నన్నడు కద,” అన్నాడు వీరభద్రం. వెటకారం పూర్తిగా దిగిపోయింది. “బస్సు కండక్టర్‌ను పిలిపిస్త. ముందుగాల వాణ్ణి పట్టుకోవాలె.”

ఆయన లేవకముందే గంట మూడోసారి మోగింది. గుచ్చిన తాడు గుచ్చినట్టే ఉంది. ఎస్తేరు ఇస్సాకు వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఆమె చెవిగొట్టం పెట్టుకుంది, ఇస్సాకు తన చెవిని దానికి ఆనించాడు. మాట దూరం నుంచి, సన్నగా వచ్చింది.

“అక్కా, నా చెయ్యి నా మాట వినలే. పెట్టినంక యాదికొచ్చింది. చెప్పినవా?”

“చెప్పిన, రంగా.”

అవతల నిట్టూర్చిన చప్పుడు. “మంచిగ చేసినవు. నీ మీద నాకేం కోపం లేదు. సేఠ్ పొద్దుగాల కండ్లు తెరిచిండట. పొయ్యి చూసొస్త అక్కా.”

రిసీవర్ గోడకు కొట్టుకున్న చప్పుడు వినిపించింది, ఆ వెంటనే వాకిట్లో ఉన్న మిల్లు మోటారు సైకిల్ స్టార్టయిన చప్పుడు. ఇస్సాకు దిగ్గున లేచాడు. సేఠ్ కళ్ళు తెరిచిన సంగతి తనకే తెలియదు, పాండురంగానికి ఎవరు చెప్పారని అడిగాడు. వీరభద్రం మొహం తెల్లబోయింది. డాక్టరు పొద్దున కబురు పంపాడని, పొద్దుగూకేసరికి మాట కూడా రావచ్చని అన్నాడని, సంతోషపడతాడు కదా అని పాండురంగానికి తానే చెప్పానని ఒప్పుకున్నాడు. ఆసుపత్రి మంచం దగ్గర ఒక్క కానిస్టేబుల్ ఉన్నాడు. సేఠ్ భాగస్తుడు వస్తే వాడు లేచి నమస్తే పెట్టి కుర్చీ ఇస్తాడు.

“జీపు సేఠ్ ఇంటి ముందరే ఉన్నది. నేను ఎనకబడ్త. నువ్వు దవాఖానకు ఫోన్ చెయ్యి,” అని ఇన్‌స్పెక్టర్ టోపీ మరిచిపోయి సందులోకి పరుగెత్తాడు.

వరంగల్ లైను పాత బోర్డు నుంచి తీసేశారు గనుక ఇస్సాకూ ఎస్తేరూ పక్క గదికి పరుగెత్తారు. ఆమె కొంగు విప్పి తాళం తీసింది. లోపల ఇనుప బీరువాలు తమ పాటికి తాము టకటకమంటున్నాయి. మూలన బల్ల మీద కొత్త ఫోను. ఎస్తేరు ఒక్క అంగలో చేరుకుని రిసీవర్ ఎత్తి, అలవాటైన గొంతుతో చెప్పింది.

“వరంగల్, జల్ది దవాఖాన ఇయ్యండి.”

అవతలి నుంచి ఆగని మోత ఒక్కటే వచ్చింది. ఆమె మళ్ళీ చెప్పింది, ఈసారి బతిమాలుతున్నట్టు. తర్వాత రిసీవర్ పట్టుకునే అంకెల చక్రం వైపు చూసింది. దవాఖాన నంబరు ఎంత అని ఇస్సాకును అడిగింది. ఆయనకూ తెలియదు. ఎన్నడూ ఆయన నంబరు అడిగి ఫోను చేసినవాడు కాదు. కొత్త డైరెక్టరీలు ఇంకా ఊరికి రాలేదు. ఇరవై రెండేళ్ళు ఈ ఊరి రోగులకూ ఆ దవాఖానకూ మాట కలిపిన ఎస్తేరు, తొమ్మిదో అంకె మీద వేలు పెట్టి, తీసి, రెండో అంకె మీద పెట్టి ఆగిపోయింది.